చాంబర్‌లో పట్టినంత మాత్రాన ఆ రౌండ్ ఆ రైఫిల్‌ది కాదు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాం. 22 ఏళ్లు ఇన్‌ఫెంట్రీలో చేసి హవల్దార్‌గా రిటైర్ అయ్యాను. బిడ్డ, అల్లుడు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటారు. అల్లుడు ఈ మధ్య .223 బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాడు. మిలిటరీ 5.56 రౌండ్లు పెట్టెల లెక్కన చవకగా దొరుకుతున్నాయట. "మామయ్యా, మీరు 5.56 ఇన్సాస్ రైఫిల్ కొట్టారు కదా, రెండూ ఒకటేనా?" అని అడిగితే ఒకటేనని చెప్పేశాను. తర్వాత నాకే అనుమానం వచ్చింది. ఇంకో సంగతి, ఆయన దోస్తు ఒకతను మన ఇషాపూర్‌లో తయారైన పాత రైఫిల్‌ను .308 అని అమ్ముతున్నాడట, అది తీసుకోవచ్చా అని కూడా అడుగుతున్నాడు. వచ్చే నెల నేను, మా ఆవిడ అక్కడికి పోతున్నాం. నా ట్రంకు పెట్టెలో గుర్తుగా దాచుకున్న రెండు రౌండ్లు, నాలుగు ఖోఖాలు, అంటే పేల్చిన తూటాల ఇత్తడి గుల్లలు ఉన్నాయి. అవి తీసుకెళ్లి అల్లుడికి చూపిద్దామని ఉంది. ఏమంటారు?

సమాధానం: తమ్మీ, ముందు అల్లుడికి ఫోన్ కొట్టి రా, తర్వాత మిగతాది చదువు. ఆ 5.56 రౌండ్లు కొన్నా సరే, తన .223 రైఫిల్‌లో మాత్రం పెట్టొద్దని చెప్పు. ఇప్పటికే పెట్టి కొట్టి ఉంటే ఆ ఖాళీ ఖోఖాలు పారేయకుండా పక్కన పెట్టమను, వాటిని చూస్తే చాలా తెలుస్తుంది.

నువ్వు ఒకటేనని చెప్పడంలో నీ తప్పు పెద్దగా లేదు. ఫౌజులో మనం ఎప్పుడైనా రౌండ్ ఎంచుకున్నామా? పొద్దున కోత్, అంటే ఆయుధాల గది తెరుస్తారు, నంబర్ చూసి నీ రైఫిల్ నీకిస్తారు, రేంజ్‌లో లెక్కపెట్టి రౌండ్లు చేతిలో పోస్తారు, ఆ రౌండ్ ఆ రైఫిల్‌కు సరిపోతుందా లేదా అనేది మన దాకా రాకముందే ఎవరెవరో ఎక్కడెక్కడో తేల్చేసి ఉంటారు. ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు రిపేరు చేసేవాడిగా, 24 ఏళ్లు చేసిన నాకు కూడా ఆ ప్రశ్న ఎదురైంది బయటికొచ్చాకే. సివిల్‌లో ఆ బాధ్యత అంతా కొన్నవాడి మీదే పడుతుంది. దుకాణంలో రైఫిల్ ఒక దగ్గర, రౌండ్ ఇంకో దగ్గర, రెండింటి మీదా దగ్గర దగ్గర నంబర్లు, అడ్డం పడి ఆపడానికి ఏ సుబేదార్ సాబూ ఉండడు.

నంబర్ల సంగతి నీకు బాగానే తెలుసు, గుర్తు చేసుకో. ఎస్‌ఎల్‌ఆర్‌ను 7.62 అన్నాం, రాష్ట్రీయ రైఫిల్స్‌కు పోయినప్పుడు చేతికిచ్చిన ఏకేను కూడా 7.62 అన్నాం, డ్రాగనోవ్ కూడా 7.62 అనే అన్నాం. మూడు రౌండ్లు పక్కపక్కన నిలబెడితే ఒకటి 51 మిల్లీమీటర్ల ఖోఖా, ఒకటి 39, ఒకటి 54, పైగా ఆ చివరిదానికి కింద అంచు బయటికి ఉంటుంది. నంబర్ గొట్టం లోపలి వెడల్పునే చెబుతుంది. మిగతా సంగతులేవీ చెప్పదు. అక్కడ కనీసం కంటికి తేడా కనబడుతుంది కాబట్టి ఎవరూ మోసపోరు. .223, 5.56 విషయంలో కంటికి ఏ తేడా కనబడదు, అదే అసలు చిక్కు.

ఈ రెండూ ఒకే కడుపున పుట్టినవి. అమెరికాలో 1950ల చివర యూజీన్ స్టోనర్ తయారుచేస్తున్న కొత్త తేలికపాటి రైఫిల్ కోసం రెమింగ్టన్ కంపెనీతో కలిసి ఒక చిన్న రౌండ్ తయారైంది, దానికే తర్వాత .223 రెమింగ్టన్ అని పేరు పెట్టారు. అమెరికా సైన్యం దాన్నే తీసుకుని ఎం193 అని పిలిచింది, 55 గ్రెయిన్ల బుల్లెట్, అంటే మన లెక్కలో మూడున్నర గ్రాములు. అప్పటికి రెండింటికీ పెద్ద తేడా లేదు. తర్వాత దారులు విడిపోయాయి. 1980లో నాటో దేశాలు బెల్జియం వాళ్ల ఎస్ఎస్109 రౌండ్‌ను ఎంచుకున్నాయి, 62 గ్రెయిన్లు, ముక్కు లోపల చిన్న స్టీలు ముక్క, దూరంలో హెల్మెట్‌ను కూడా చీల్చుకుపోవాలని. సైన్యం తన అవసరాల కోసం తన రౌండ్‌ను, తన చాంబర్‌ను (బారెల్ వెనక రౌండ్ కూర్చునే భాగం) మార్చుకుంటూ పోయింది. వేటగాళ్లకు, టార్గెట్ కొట్టేవాళ్లకు రైఫిల్ తయారుచేసే కంపెనీలు పాత కొలతల దగ్గరే ఉండిపోయాయి. వాళ్లకు కావాల్సింది ఒకే చిల్లులో ఐదు రౌండ్లు పడడం, బురదలో పడి లేచిన రైఫిల్ మళ్లీ పేలడం వాళ్లకు అంత ముఖ్యం కాదు.

ఆ కొలతల్లో ఏం మారిందో ఆర్మరర్ కంటితో చూద్దాం. ఖోఖా కూర్చునే భాగం రెండింటిలో దాదాపు ఒకటే. దానికి ముందు, బుల్లెట్ ఖోఖాను వదిలి రైఫ్లింగ్ గాళ్లను (బుల్లెట్ తిరగడానికి బారెల్ లోపల మెలితిప్పి కోసిన గాళ్లు) పట్టుకునే లోపు ఒక చిన్న ఖాళీ ఉంటుంది, దాన్నే థ్రోట్ అంటాం. 5.56 చాంబర్‌లో ఆ ఖాళీ పొడవు, .223 చాంబర్‌లో పొట్టి. ట్రాలీ నిండా వడ్లు వేసుకున్న ట్రాక్టర్ గట్టు ఎక్కాలంటే ముందు రెండు మూడడుగులు పరుగు కావాలి కదా, ఆ పరుగు ఇవ్వకుండా టైరును గట్టుకే ఆనించి ఎక్కమంటే ఇంజన్ మీద ఎంత భారం పడుతుందో ఊహించు. 5.56 రౌండ్‌ను పొడవాటి థ్రోట్‌ను లెక్కలో పెట్టుకుని నింపుతారు. దాన్ని పొట్టి థ్రోట్ ఉన్న .223లో పెడితే బుల్లెట్ కదలకముందే గాళ్లకు దగ్గరగా, ఒక్కోసారి ఆనుకుని ఉంటుంది. మందు అంటుకోగానే ఆ బుల్లెట్ కదలడానికి మొరాయిస్తుంది, వెనక గ్యాస్ ప్రెషర్ అమాంతం పెరుగుతుంది. ఆ ప్రెషర్‌ను ఆపేది చాంబర్ వెనక మూసే బోల్ట్, ఆ బోల్ట్‌కు అర జానెడు దూరంలో ఉండేది మన అల్లుడి చెంప.

ప్రెషర్ నంబర్ల దగ్గర జనం బాగా తికమక పడతారు కాబట్టి అది కూడా చెబుతాను. అమెరికాలో తయారీదారుల సంస్థ సామీ అని ఒకటుంది, వాళ్ల లెక్కలో .223కు గరిష్ఠం 55,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి). నాటో లెక్కలో 5.56కు 430 మెగాపాస్కల్, అంటే సుమారు 62,000 పీఎస్ఐ. ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి "చూశారా, ఏడు వేలు ఎక్కువ" అంటారు కొందరు. అది పూర్తిగా సరి కాదు. సామీ వాళ్లు ఖోఖా నడుము దగ్గర కొలుస్తారు, నాటో వాళ్లు ఖోఖా మూతి దగ్గర కొలుస్తారు. మీ వైపు డ్రిప్ వేసిన రైతును అడుగు, మోటర్ దగ్గర గేజ్ ఒక లెక్క చూపిస్తుంది, లైన్ మధ్యలో పెడితే ఇంకో లెక్క చూపిస్తుంది, పారేవి మాత్రం అవే నీళ్లు. యూరప్ వాళ్లయితే తమ పద్ధతిలో కొలిచి .223కే 4,300 బార్ దాకా అనుమతిస్తారు, అది కూడా ఇంచుమించు అదే 62,000. అందుకే అల్లుడు నెట్‌లో వెతికితే సగం మంది "ఏం కాదు" అంటారు, సగం మంది "చేయి పోతుంది" అంటారు, ఇద్దరూ తలా ఒక నంబర్ చూపిస్తారు. నా అభిప్రాయం అడిగితే, నంబర్ల కొట్లాట పక్కన పెట్టి థ్రోట్ చూడాలి. ఆ తేడా ఇనుములో కోసి ఉంది, ఏ పద్ధతిలో కొలిచినా అది మారదు. .223 రెమింగ్టన్ చాంబర్‌లో 5.56 మిలిటరీ రౌండ్ వాడొద్దని ఆ సామీ వాళ్లే తమ ప్రమాదకర జోడీల జాబితాలో పెట్టారు.

మా అబ్బాయి దగ్గరికి అమెరికా పోయినప్పుడు ఒక రేంజ్‌లో నా కళ్లారా చూశాను. పక్క బెంచీ మీద ఒక పెద్దాయన బోల్ట్ యాక్షన్ .223తో కొడుతున్నాడు, నాలుగో రౌండ్ తర్వాత బోల్ట్ హ్యాండిల్ పైకి లేవడం లేదు. అరచేత్తో రెండు దెబ్బలు కొడితే గానీ తెరుచుకోలేదు. బయటపడ్డ ఖోఖాను అడిగి తీసుకుని చూశాను. మామూలుగా ప్రైమర్ (ఖోఖా అడుగున ఫైరింగ్ పిన్ తగిలి నిప్పు పుట్టే చిన్న మూత) అంచు కాస్త గుండ్రంగా, చుట్టూ సన్నటి గీత కనబడేలా ఉంటుంది. దీని ప్రైమర్ అప్పచ్చిలా చదునై అంచుల దాకా పరుచుకుపోయింది. ఖోఖా అడుగున, అక్షరాల పక్కన, బోల్ట్ ముఖం మీద ఖోఖాను బయటికి తోసే ఎజెక్టర్ రంధ్రం ఆకారంలో ఒక చిన్న మెరిసే వృత్తం, అంటే ఇత్తడి వెనక్కి ఒత్తుకుని ఆ రంధ్రంలోకి పొంగిందన్నమాట. అడుగున వలయంలో ప్లస్ గుర్తు, నాటో ముద్ర. ఆయనకు చూపించి చెప్పాను, మర్యాదగా రైఫిల్ సర్దుకున్నాడు. ఆ రోజు ఏమీ పగల్లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అలాంటి రౌండ్లు ఆ రైఫిల్‌లో ఇంకో వంద కొడితే ఎన్నో దాని దగ్గర ఏమవుతుందో మాత్రం నేను చెప్పలేను, ఆయనా చెప్పలేడు.

దీనికి రెండో వైపు చూస్తే భయం లేదు. 5.56 అని ముద్ర ఉన్న రైఫిల్‌లో .223 రౌండ్ నిశ్చింతగా వాడుకోవచ్చు. థ్రోట్ పొడవు కాబట్టి గురి కాస్త తగ్గొచ్చు, కొన్ని సెమీ ఆటోమేటిక్ వాటిలో తక్కువ మందు నింపిన రౌండ్లు బోల్ట్‌ను పూర్తిగా తోయకపోవచ్చు, అంతే. రెండూ వాడుకునేలా .223 వైల్డ్ అని ఇంకో రకం చాంబర్ కూడా ఉంది, బిల్ వైల్డ్ అనే ఆయన రూపొందించాడు, చాలా కంపెనీలు ఇప్పుడు అదే కోస్తున్నాయి. కాబట్టి అల్లుణ్ణి బారెల్ మీద, చాంబర్‌కు దగ్గరగా, ఏ అక్షరాలు కొట్టి ఉన్నాయో చదవమను. దుకాణంవాడి మాట కాదు, బిల్లు మీద రాసింది కాదు, బారెల్ మీద ఉన్నది. అక్కడ .223 రెమ్ అని మాత్రమే ఉంటే .223 రౌండ్లే. పాత రైఫిల్ అయి, బారెల్ ఎవరో మార్చినట్టు అనిపిస్తే గన్‌స్మిత్ చేత చాంబర్ కొలిపించాలి, దాంట్లో మొహమాటం లేదు.

చవక మాటకొస్తే ఇంకో సంగతి ఉంది. మిస్సోరిలోని లేక్ సిటీ ఆయుధ కర్మాగారం అమెరికా సైన్యానికి చిన్న ఆయుధాల రౌండ్లు చేసే పెద్ద ఫ్యాక్టరీ, అక్కడ తయారైన సరుకు సివిల్ మార్కెట్‌కు కూడా వస్తుంది, ఖోఖా అడుగున ఎల్‌సీ అని రెండక్షరాలు, సంవత్సరం చివరి రెండంకెలు ఉంటాయి. వాటిలో ముక్కుకు ఆకుపచ్చ రంగు పూసినవి ఎం855, అంటే ఎస్ఎస్109కి అమెరికా తమ్ముడు. అల్లుడికి చవకగా చూపిస్తున్నవి అవే అయితే ఇంకో రెండు చిక్కులు. ఆ బుల్లెట్ పొడవు, గాలిలో నిలకడగా తిరగాలంటే గాళ్లు బిగువుగా మెలితిరిగి ఉండాలి. ఎం16 మొదటి రకంలో 12 అంగుళాలకు ఒక చుట్టు, ఎస్ఎస్109 వచ్చాక 7 అంగుళాలకు ఒక చుట్టు చేశారు, దీని కోసమే. వేట కోసం చేసిన .223 బోల్ట్ రైఫిళ్లలో 12కు ఒకటి ఇప్పటికీ చాలా ఉన్నాయి. దాంట్లో ఎం855 కొడితే బుల్లెట్ తూలుతూ పోయి, టార్గెట్ కాగితం మీద గుండ్రటి చిల్లుకు బదులు తాళంచెవి రంధ్రంలా అడ్డంగా చింపుతుంది. రెండోది, అక్కడ చాలా ఇండోర్ రేంజ్‌ల గేటు దగ్గరే రౌండ్‌కు అయస్కాంతం ఆనించి చూస్తారు, స్టీలు అంటుకుంటే లోపలికి రానివ్వరు, ఎందుకంటే వెనక ఉన్న ఇనుప పలకలు పాడవుతాయి. అంటే చవకగా కొన్నవి ఇంట్లోనే ఉండిపోతాయి.

ఖోఖా తయారీలో కూడా తేడాలుంటాయి. మిలిటరీ రౌండ్‌లో ప్రైమర్ ఊడిపోకుండా చుట్టూ ఇత్తడిని నొక్కి బిగిస్తారు, నీళ్లు పోకుండా ప్రైమర్ చుట్టూ, మూతి దగ్గర లక్క లాంటి పూత వేస్తారు, ఖోఖా మెడను కాల్చినప్పుడు వచ్చిన నీలిరంగు నీడను రుద్దకుండా అలాగే వదిలేస్తారు. ప్రైమర్ రేకు కూడా కాస్త గట్టిగా ఉంటుంది, బోల్ట్ వేగంగా మూసుకున్నప్పుడు ఫైరింగ్ పిన్ తగిలి దానంతట అదే పేలకుండా. వాన, చలి, ఎడారి, నెలల తరబడి పెట్టెల్లో నిల్వ, ఇవన్నీ తట్టుకోవడం కోసం ఈ ఏర్పాట్లు. గురి సంగతి అడిగితే మామూలు మిలిటరీ బాల్ రౌండ్ కంటే మంచి కంపెనీ మ్యాచ్ (గురి పోటీల కోసం చేసిన) రౌండ్ ఎప్పుడూ మేలు, ఫౌజుదంటే గొప్పదనే మాట ఇక్కడ చెల్లదు. కొన్ని దేశాల పాత మిలిటరీ సరుకులో ప్రైమర్ మసి ఉప్పులా గొట్టంలో పేరుకుని తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది. ఆ ఉప్పు నూనెకు కరగదు, నీళ్లకే కరుగుతుంది. .303 రోజుల్లో మా ఉస్తాదులు కెటిల్‌లో నీళ్లు మరిగించి గరాటు పెట్టి బారెల్‌లో పోయించేవాళ్లు, తర్వాత పుల్‌త్రూకి (బారెల్ తుడిచే తాడు) చిందీ, అంటే గుడ్డపీలిక కట్టి తడి ఆరేదాకా లాగాలి, ఆపైనే నూనె.

బుల్లెట్ విషయంలో తేడాకు మూలం మన దేశంలోనే ఉంది, ఇది నీ అల్లుడికి తప్పకుండా చెప్పు. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890లలో ముక్కు మెత్తగా వదిలేసిన బుల్లెట్ చేశారు, తగలగానే పువ్వులా విచ్చుకుని భయంకరమైన గాయం చేసేది. 1899లో హేగ్‌లో కూర్చున్న దేశాలు యుద్ధంలో విచ్చుకునే బుల్లెట్లు వాడకూడదని ప్రకటించాయి. అప్పటి నుంచి సైన్యాల మామూలు రౌండ్ అంటే ఎక్కువగా ముక్కు దాకా లోహపు తొడుగు కప్పినదే. వేటకు దానికి పూర్తి వ్యతిరేకం, జంతువు కొనప్రాణంతో పారిపోయి రోజుల తరబడి బాధపడకుండా వెంటనే పడిపోవాలని మెత్తటి ముక్కు బుల్లెట్లే వాడతారు, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింక వేటకు పూర్తి తొడుగు ఉన్న రౌండ్ వాడడం చట్టవిరుద్ధం కూడా. కాబట్టి అల్లుడు వేట కోసం రైఫిల్ కొన్నట్టయితే చవక మిలిటరీ రౌండ్ ఆ లెక్కన కూడా పనికిరాదు.

ఇక ఇషాపూర్ రైఫిల్. ఆ మాట చదవగానే నాకు చాలా సంతోషం వేసింది, నిజంగా. 1962 చైనా యుద్ధం తర్వాత మన దగ్గర కొత్త 7.62 రైఫిళ్లు చాలక, ఇషాపూర్ వాళ్లు పాత .303 ఎన్‌ఫీల్డ్ నమూనానే తీసుకుని 7.62 నాటో రౌండ్‌కు తగ్గట్టు మెరుగైన స్టీలుతో కొత్తగా తయారుచేశారు. మొదట 2ఏ, తర్వాత 2ఏ1. పన్నెండు రౌండ్ల చతురస్రపు మ్యాగజైన్ చూస్తే దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. మన పోలీసుల భుజాల మీద ఎన్నో ఏళ్లు ఉంది. మరి దాన్ని .308 అని అమ్మొచ్చా? ఇక్కడ కథ 5.56కి తిరగబడుతుంది. .308 వించెస్టర్ 1952లో మార్కెట్లోకి వచ్చింది, అదే పుట్టుక ఉన్న 7.62 నాటోను 1954లో ఖాయం చేశారు. సామీ లెక్కలో .308కి 62,000 పీఎస్ఐ, నాటో లెక్కలో 7.62కి సుమారు 60,000. అంటే ఇక్కడ సివిల్ రౌండే కాస్త ఎక్కువ. కొందరు 7.62కి 50,000 అని పాత పుస్తకం చూపించి పెద్ద తేడా ఉందంటారు. ఆ 50,000 రాగి ముక్కను నలగ్గొట్టి అది ఎంత పొట్టిదయిందో కొలిచే పాత పద్ధతిది, అదే పద్ధతిలో .308కి 52,000. కిలోలను శేర్లతో పోల్చినట్టు పోల్చి జనాన్ని భయపెట్టడం సరికాదు.

అసలు జాగ్రత్త ప్రెషర్‌లో కాదు, హెడ్‌స్పేస్‌లో ఉంది. మూసిన బోల్ట్ ముఖానికి, ఖోఖా భుజం (మెడ కింది ఏటవాలు భాగం) ఆనే చోటుకు మధ్య దూరం మిలిటరీ చాంబర్‌లో కాస్త ఎక్కువ వదులుతారు, ఒక మందపాటి కాగితం అంత. దుమ్ము పడినా రౌండ్ ఎక్కాలని. దానికి సరిపోయేలా మిలిటరీ ఖోఖా గోడలు మందంగా చేస్తారు. సివిల్ .308 ఖోఖా గోడ సాధారణంగా పల్చన, ఆ వదులు చాంబర్‌లో పేలినప్పుడు ఎక్కువ సాగుతుంది. పైగా ఎన్‌ఫీల్డ్ బోల్ట్‌కు దాన్ని బిగించి పట్టే లాకింగ్ లగ్గులు వెనక ఉంటాయి, ముందు కాదు, కాబట్టి పేలిన క్షణంలో బోల్ట్ కూడా వెంట్రుకవాసి నొక్కుకుని ఖోఖాకు ఇంకాస్త సాగే చోటు ఇస్తుంది. కొట్టిన ఖోఖాను వెలుతురులో తిప్పి చూస్తే అడుగుకు కాస్త పైన చుట్టూ ఒక తెల్లటి మెరుపు గీత కనబడితే అక్కడ లోపల ఇత్తడి పల్చబడిందని అర్థం. సన్నటి తీగ కొనను వంచి మూతిలోంచి పోనిచ్చి గోడ వెంట పైకి లాగితే అక్కడ గాడిలా తగులుతుంది. అలాంటిది తెగితే వేడి గ్యాస్ నేరుగా కంటి వైపు వస్తుంది. అందుకని నా సలహా, రైఫిల్ కొనేముందు హెడ్‌స్పేస్ గేజ్‌లు ఉన్న గన్‌స్మిత్‌కు చూపించాలి, బారెల్ లోపల తుప్పు గుంటలు చూడాలి, కొన్నాక 7.62 నాటో కొలతల రౌండే వాడాలి, ఎక్కువ మందు నింపిన వేట .308 రౌండ్ల జోలికి పోవద్దు, ఒకసారి కొట్టిన ఖోఖాలో మళ్లీ మందు నింపి వాడొద్దు.

మన దగ్గర ఈ తంటా ఎందుకు లేదో కూడా ఒక మాట. ఫౌజు వాడే బోర్లు (గొట్టం సైజులు), .303, 7.62, 9 ఎంఎం, ఇవన్నీ ఇక్కడ సామాన్యుడికి నిషిద్ధ బోర్లే. బ్రిటిష్ వాళ్లే ఈ ఏర్పాటు మొదలుపెట్టారు, సైన్యంలోంచి దొంగిలించిన రౌండ్ బయటి రైఫిల్‌కు పట్టకూడదని. అందుకే .315 అనే వేరే బోర్ ఈ దేశంలో నిలిచింది, ఇషాపూర్ వాళ్లే ఎన్‌ఫీల్డ్ అచ్చులో .315 స్పోర్టింగ్ రైఫిల్ చేశారు. ములుగు, ఏటూరునాగారం వైపు పాత ఇళ్లలో, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాళ్లను అడిగితే వాళ్ల లైసెన్స్ మీద ఎక్కువగా ఉండే బోర్ అదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట ఎలాగూ లేదు.

ఇప్పుడు నీ ట్రంకు పెట్టె. తమ్మీ, ఇది చదువుతుంటే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. ఫైరింగ్ అయ్యాక ఒక్క ఖోఖా తక్కువ వస్తే కంపెనీ మొత్తం చీకటి పడేదాకా గడ్డిలో మోకాళ్ల మీద వెతికిన సాయంత్రాలు నీకు గుర్తుండే ఉంటాయి, ఆ లెక్క అంత గట్టిగా ఎందుకుండేదో కూడా నీకు తెలుసు. లైసెన్స్ లేకుండా ఇంట్లో రెండు లైవ్ రౌండ్లు ఉంటే ఆయుధాల చట్టం కింద కేసు, గుర్తుగా దాచుకున్నానంటే ఊరుకోరు. నువ్వే జేబులో వేసుకుని బయల్దేరకు. ముందు తెలిసిన వకీలుతో మాట్లాడు, స్టేషన్‌కు కబురు చెయ్యి, వాళ్లు చెప్పిన పద్ధతిలో అప్పగించి రాతపూర్వకంగా రసీదు తీసుకో. ఖోఖాలు కూడా వాటితోనే ఇచ్చెయ్యి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో స్కానర్ కింద ఖాళీ ఖోఖా కనబడినా నిన్ను పక్కకు తీసుకుపోతారు, రౌండ్ కనబడితే విమానం ఎక్కేది ఉండదు. బట్టలు సర్దేముందు పాత ఫౌజీ బ్యాగులు, జేబులు, షేవింగ్ డబ్బా కూడా ఒకసారి బోర్లించి చూడు, మూలల్లో మరిచిపోయిన రౌండ్ వల్ల ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

అక్కడికి పోయాక అల్లుడు "రండి మామయ్యా, రేంజ్‌కు పోదాం" అని తప్పకుండా అంటాడు, నీ చేతులు కూడా ఆగవు. కానీ విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి గానీ రౌండ్ గానీ చేతిలో పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నిషిద్ధం, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. అల్లుడు హెచ్1బీ మీద ఉంటే ఆయనకూ ఇదే వర్తిస్తుంది, గ్రీన్ కార్డు వచ్చి ఉంటే ఇబ్బంది లేదు. ఆ రైఫిల్ ఏ కాగితాల మీద కొన్నాడో, వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉందో లేదో ఈ రోజు ఫోన్‌లోనే అడుగు. బిడ్డ సంసారం, వీసా, ఉద్యోగం అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి.

బారెల్ మీది అక్షరాల ఫొటో తెప్పించి నాకు పంపు, దగ్గరగా, వెలుతురులో తీసినది. అలాగే ఆ ఇషాపూర్ రైఫిల్‌కు కుడివైపు, బోల్ట్ హ్యాండిల్ కింద బట్ మొదలయ్యే చోట ఇనుము మీద ఆర్ఎఫ్ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్), దాని కింద 2ఏ1, సంవత్సరం కొట్టి ఉంటాయి. ఆ సంవత్సరం ఎంతో కూడా చూసి చెప్పమను.